రంగం లెక్క

మా ఇంట్లో అటక మీద ఒక టేకు పెట్టె ఉండేది. ఇంటిల్లిపాదీ దాన్ని రంగం పెట్టె అనేవాళ్ళం. మా తాత 1930లో రంగం నుంచి తిరిగొచ్చినప్పుడు నెత్తిన పెట్టుకుని తెచ్చుకున్నది అదొక్కటే. అందులో ఒక గొడుగు, రెండు పట్టు లుంగీలు, లక్క పూత పూసిన తమలపాకుల డబ్బా, మడతల దగ్గర చిరిగిపోయిన కొన్ని కాగితాలు ఉండేవి. లుంగీలు చిమటలు కొట్టేశాయి. గొడుగుకి గుడ్డ పోయి చువ్వలు మిగిలాయి. కాగితాలను మాత్రం నేను బడిపంతులు ఉద్యోగంలో చేరిన కొత్తలో అట్టల మధ్య పెట్టి దాచాను. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ కాగితాల నుంచీ, మా మామ్మ నోటి నుంచీ, తర్వాత నేను చదువుకున్న చరిత్ర పుస్తకాల నుంచీ కూడబెట్టినది.

రంగం అంటే రంగూన్. మా శ్రీకాకుళం, విశాఖ, గోదావరి పల్లెల్లో ఒక్క ఊరేమిటి, బర్మా దేశమంతా రంగమే. "రంగం ఎల్లిపోనాడు" అంటే ఆ మగవాడి గురించి అడగవలసిందేమీ మిగల్లేదన్నట్టు. అవతలి ఒడ్డున మనవాళ్ళకూ ఒక పేరు పెట్టారు. యానాం పక్కనున్న పాత రేవు కోరంగి నుంచి ఓడలెక్కి వచ్చారు కాబట్టి తెలుగు కూలీ ఏ ఊరివాడైనా అక్కడ కోరంగీయే. కోరంగిని 1839 తుపాను ముంచేసింది. రేవు పోయినా, ఆ పేరు మాత్రం సముద్రానికి అవతల మరో వందేళ్ళు మన భుజాల మీద నిలిచింది.

ఇంతమంది ఎందుకు వెళ్ళారు? ఇంగ్లీషువాళ్ళు 1852లో దిగువ బర్మాను కలుపుకున్నారు. 1869లో సూయజ్ కాలువ తెరిచారు. బర్మా బియ్యానికి యూరపు బజారు దగ్గరైంది. ఐరావతి డెల్టాలో అడవులు నరికి వరి వేశారు. ధాన్యం మరపట్టడానికి రంగూన్‌లో పజున్‌డాంగ్ కాలువ ఒడ్డున మిల్లుల మీద మిల్లులు లేచాయి. బర్మా రైతుకు సొంత పొలం ఉంది, మిల్లులో మూటలు మోసే అవసరం లేదు. మిల్లులకు జనవరి నుంచి నాలుగైదు నెలలు వేలకొద్దీ చేతులు కావాలి. ఇవతల మా గంజాం, విశాఖ సీమల్లో చేతులున్నాయి, పొలం లేదు, నమ్ముకోదగ్గ వాన లేదు. 1889లో గంజాంలో కరువొచ్చింది. కళింగపట్నం, బారువ, భీమునిపట్నం, కాకినాడ రేవుల ముందు బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు ఆగేవి. అటు అన్నం, ఇటు ఆకలి, మధ్యన నాలుగైదు రోజుల సముద్రం.

ఇక్కడొక సంగతి చాలామందికి తెలియదు. మారిషస్‌కో, నేటాల్‌కో, ఫిజీకో వెళ్ళిన కూలీకి ఐదేళ్ళ ఒప్పందం, దాని మీద సర్కారు ముద్ర ఉండేవి. ఆ ఒప్పందాల కింద జరిగిన క్రూరత్వం తక్కువేమీ కాదు. కానీ జీతమెంతో, ఎన్ని గంటల పనో ఎక్కడో ఒకచోట రాసి ఉండేది. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక ప్రాంతమే. అంచేత రంగం వెళ్ళినవాడు చట్టం లెక్కలో వలస వెళ్ళినవాడే కాడు. కళింగపట్నం నుంచి రంగూన్ వెళ్ళడమూ, శ్రీకాకుళం నుంచి విజయనగరం వెళ్ళడమూ కాగితం మీద ఒకటే. వాడికి జీతం గురించి చెప్పవలసిన పూచీ ఎవరికీ లేదు. చెప్పినవాడు ఒక్కడే, మేస్త్రి.

మేస్త్రి పరాయివాడు కాడు. మన ఊరివాడే, లేకపోతే పక్క ఊరివాడు, వరసకి మావయ్యో బావో అయ్యేవాడు. తనూ ఒకప్పుడు మూట మోసినవాడే. మా తాతను 1922లో తీసుకెళ్ళిన మేస్త్రి మా ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పిన లెక్క మా మామ్మకి చనిపోయేదాకా కంఠతా ఉంది. రోజుకి రూపాయిన్నర. నెలకి నలభై అయిదు. ఏడాదికి ఐదు వందల నలభై. రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే వెయ్యి రూపాయలు, తిరిగొచ్చి మూడెకరాలు. ఆ రోజుల్లో మా ఊళ్ళో కూలికి రెండు మూడు అణాలు, అదీ పని దొరికిన రోజున. వింటున్న మనిషికి ఇరవై ఏళ్ళు. పెళ్ళయి ఆర్నెల్లు.

"రూపాయిన్నర అబద్ధం కాదురా. అబద్ధమైతే బాగుణ్ణు, మళ్ళీ ఎవుడూ ఎల్లీవోడు కాదు" అనేది మామ్మ.

ఆ మాట నాకు చాలాకాలం అర్థం కాలేదు. కాగితాలు చూశాక అర్థమైంది.

మొదటి కాగితం ప్రోనోటు నకలు. ముప్పై అయిదు రూపాయలకు మా తాత వేలిముద్ర. అందులో స్టీమరు డెక్కు టిక్కెట్టుకి పద్నాలుగు, ఇంట్లో ఇచ్చిపోవడానికి పది, దారి ఖర్చు, బట్టలు, తక్కినది మేస్త్రి ఖర్చుల కింద. వడ్డీ ఎంతో రాయలేదు. బయలుదేరక ముందే అతను ముప్పై అయిదు రూపాయల మనిషి.

ఒడ్డు నుంచి స్టీమరు దాకా మసూలా పడవలో వెళ్ళాలి. మా రేవుల్లో అప్పటికి ఓడ ఒడ్డుకు చేరేంత లోతు లేదు. మేకు లేకుండా, పలకలను కొబ్బరి పీచుతో కుట్టిన పడవలవి. అలల దెబ్బకి ఒంగుతాయి గాని విరగవు. పెట్టె నెత్తిన పెట్టుకుని, వాంతులు చేసుకుంటూ, తాడు నిచ్చెన పట్టుకుని ఓడెక్కడం మా తాత చివరిదాకా చెప్పేవాడు. ఓడలో నాలుగు రాత్రుల గురించి మాత్రం "పశువుల్ని తోలినట్టు తోలారు" అని ఒక్క ముక్కతో సరిపెట్టేవాడు.

రెండోది రంగూన్‌లో గుమాస్తా తెలుగులో రాసిచ్చిన చీటీ, ఒక నెల లెక్క. నా దృష్టిలో మా కుటుంబ చరిత్ర మొత్తంలో ఇంత విలువైన కాగితం మరొకటి లేదు. స్ట్రాండ్ రోడ్డు పక్క రేవుల్లో ఓడల్లోకి బియ్యం బస్తాలు ఎత్తే పని. బస్తా బరువు ఇప్పటి లెక్కలో దాదాపు 100 కిలోలు. ఓడ ఉంటేనే పని. ఆ నెల పదిహేను రోజులు పని దొరికింది. కూలి ఇరవై రెండున్నర రూపాయలు. అందులో మేస్త్రి వాటా రూపాయికి రెండణాల చొప్పున రెండు రూపాయల పదమూడు అణాలు. కూడు తొమ్మిదిన్నర. గది అద్దె ఒకటిన్నర. అప్పు కింద నాలుగు. పొగాకు, చాకలి, మంగలి, మందు కలిపి రూపాయిన్నర. చేతికి మిగిలింది మూడు రూపాయల మూడు అణాలు.

ఏడాదంతా అలాగే నడిచిందనుకుంటే నలభై రూపాయల లోపు. అరుగు మీద మేస్త్రి చెప్పిన ఐదు వందల నలభైలో ఇది పద్నాలుగో వంతు. మేస్త్రి అబద్ధం ఆడలేదు. ఓడ లేని రోజుల సంగతి చెప్పలేదు, తన వాటా సంగతి చెప్పలేదు, కూటి ఖర్చు చెప్పలేదు. ఆ మేస్త్రి పైన మరో మేస్త్రి, ఆ పైన హెడ్ మేస్త్రి, అందరి పైనా కాంట్రాక్టరు. ఓడ కంపెనీ ఇచ్చిన డబ్బు ఇంతమంది చేతుల తడి తగిలి కిందికి దిగేది. రంగూన్‌లో వలస కూలీల వ్యవహారాలు చూసిన ఇ.జె.ఎల్. ఆండ్రూ అనే అధికారి 1933లో భారతీయ కూలీల మీద ఒక పుస్తకమే రాశాడు. ఈ మేస్త్రి మెట్లన్నీ అందులో కనిపిస్తాయి. అది చదివిన రోజున, మా తాత చీటీ ఒక మనిషి దురదృష్టం కాదనీ, పద్ధతే అదనీ తెలిసి నాకు కోపమూ వచ్చింది, ఒక రకమైన ఊరటా కలిగింది.

ఇంత తెలిసీ వెంటనే తిరిగి రావచ్చు కదా అనిపిస్తుంది. అప్పు తీరకుండా ఎలా వస్తాడు? అప్పు తీరాక ఉత్త చేతులతో ఎలా వస్తాడు? రెండేళ్ళనుకున్నది నాలుగయ్యేది, నాలుగు ఎనిమిదయ్యేది. రాత్రి పాళీ వాళ్ళు లేచిన చాప మీదే పగటి పాళీ వాళ్ళు పడుకునే గదులు. నగరపాలక నిబంధనలు గదికి ఇంతమందేనని చెప్పేవి, తనిఖీ వాళ్ళు పోగానే మళ్ళీ అంతమందీ చేరేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో నాలుగు లక్షల మంది ఉంటే సగానికి పైగా భారతీయులే. బర్మా మొత్తంలో మనవాళ్ళు పది లక్షలు, అందులో తెలుగువాళ్ళు లక్షన్నరకు పైగా. ఆడవాళ్ళు బహు తక్కువ. వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళంతా ఇవతలి ఒడ్డున, మా మామ్మలాగా, పోస్టుమాను కోసం చూస్తూ కూర్చున్నారు.

రంగాన్ని ఒట్టి మోసమని తీసిపారేస్తే మాత్రం నేను ఒప్పుకోను. మా తాత పంపిన మనియార్డర్లతోనే మా ముత్తాత పాలేరుతనం అప్పు తీరింది. ఏడాదికి నలభై రూపాయలు చిన్న మొత్తం కావచ్చు, కానీ మా ఊళ్ళో ఎంత ఒళ్ళు వంచినా ఏడాది చివర మిగిలేది సున్నా. ఇంకో సంగతి కూడా ఆయన పదేపదే చెప్పేవాడు. రంగూన్ వీధిలో ఎదురొచ్చిన మనిషికి చెప్పులు విప్పి పక్కకి తప్పుకోవలసిన పని ఆయనకు ఎప్పుడూ పడలేదు. ఆ ఎనిమిదేళ్ళలో తను కొనుక్కున్నది అదొక్కటేననీ, దాని ధర ఏ చీటీలోనూ ఉండదనీ అనేవాడు. వెళ్ళడం తప్పని ఆయన ఏనాడూ అనలేదు. నేనూ అనను. వెళ్ళేవాడికి పూర్తి లెక్క చెప్పకపోవడం తప్పు.

ఆ తప్పు ఆయనా చేశాడు.

1926లో సంక్రాంతికి మా తాత ఊరొచ్చాడు. పెట్టెలోని గొడుగు, పట్టు లుంగీలు అప్పుడు తెచ్చినవే. నాలుగేళ్ళ తర్వాత ఉత్త చేతులతో దిగితే అవమానమని, రంగూన్‌లో మేస్త్రి దగ్గరే మళ్ళీ అప్పు చేసి కొన్నాడు. అలా వెళ్ళేవాళ్ళకు మేస్త్రి ఆనందంగా అప్పిచ్చేవాడు. తిరుగు ప్రయాణంలో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళను వెంటబెట్టుకు వస్తే వడ్డీ మాఫీ. మా తాత ఎవరినీ రమ్మనలేదు. కనుమ నాడు ఆ లుంగీ కట్టి, ఎండకి ఆ గొడుగు వేసుకుని వీధిలో నడిచాడు, అంతే. రంగం ఎలా ఉందని తమ్ముడు అడిగితే బాగుందన్నాడు. ఎంత మిగులుతుందని అడిగితే, రోజుకి రూపాయిన్నర అన్నాడు.

అతను తిరిగి వెళ్ళిన ఓడలోనే మా చిన్నతాత కూడా ఎక్కాడు. పంతొమ్మిదేళ్ళవాడు.

"ఆ గొడుగే మా మరిదిని అట్టుకుపోనాది" అనేది మామ్మ. తాత బతికుండగా ఆయన వినేలా ఆ మాట ఎప్పుడూ అనలేదు.

1930 మే నెలలో రంగూన్ రేవు కూలీలు, అంటే ఎక్కువగా మన తెలుగువాళ్ళు, రూపాయిన్నర చాలదని సమ్మె కట్టారు. రేవు కంపెనీలు బర్మా కూలీలను తెచ్చి పనిలో పెట్టాయి. కొద్ది రోజుల్లో సమ్మె రాజీ అయింది. మే 26న మనవాళ్ళు తిరిగి పనిలోకి వచ్చారు. పని దొరికిందని పెళ్ళాల చేత సద్ది కట్టించుకుని వచ్చిన బర్మా కూలీలను, మీ అవసరం లేదు పొమ్మన్నారు. రేవు గేటు దగ్గర మాటా మాటా పెరిగి, ఆ సాయంత్రానికి నగరమంతా అంటుకుంది. కోరంగీ అని తెలిస్తే చాలు, నరికారు. గదుల్లోకి దూరి నరికారు. వంద మందికి పైగా చనిపోయారు, గాయపడినవాళ్ళు వందల్లో ఉన్నారు. అప్పట్లో అక్కడ మేజిస్ట్రేటుగా ఉన్న మారిస్ కాలిస్ తన జ్ఞాపకాల్లో ఆ రోజుల గురించి రాశాడు. మా తాత మాత్రం దాని గురించి మాట్లాడేవాడు కాదు. ఎడమ మోచేతి మీద జానెడు మచ్చ ఉండేది. నేను బర్మావాళ్ళను తిట్టబోతే ఒకసారి ఆపి, "ఆళ్ళ కూడు మనం నాక్కున్నామని ఆళ్ళనుకున్నారు, మన కూడు ఆళ్ళు నాక్కున్నారని మనమనుకున్నాం. తిన్నోడు ఇంకోడు" అన్నాడు. మేస్త్రి అరుగు మీద చెప్పని విషయాల్లో ఇదీ ఒకటి. అక్కడ ముందే మనుషులున్నారనీ, వాళ్ళకూ ఆకలి ఉంటుందనీ ఎవరూ చెప్పలేదు.

జూన్‌లో దొరికిన ఓడలో తాత వచ్చేశాడు. చిన్నతాత రాలేదు. అప్పు ఉంది.

కాగితాల్లో ఒకటి 1940లో ఆయన రాయించిన కార్డు. నాలుగు వాక్యాలు. క్షేమం. వానలు ఎలా ఉన్నాయి. వచ్చే ఏడాది తప్పక వస్తాను. ఇక్కడ అంతా బాగుంది.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. అందరికన్నా ముందు దెబ్బ తగిలింది రేవులో పనిచేసేవాళ్ళకి. వేలమంది ఊరు విడిచి ఉత్తరంగా నడిచారు. కూలీలు లేక రేవు ఆగిపోయింది. భయం లేదు, తిరిగి రండని దొరలు నచ్చజెప్పి చాలామందిని వెనక్కి తెచ్చారు. 1942 మార్చి 8న రంగూన్ పడిపోయింది. ఇక ఓడల్లేవు. కొందరు ప్రోమ్ దగ్గర ఐరావతి దాటి, తాంగుప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి నడిచారు. కొందరు మాండలే నుంచి తామూ మీదుగా మణిపురం కొండల్లోకి నడిచారు. నీళ్ళు లేవు. కలరా వచ్చింది. తర్వాత వర్షాలు పట్టుకున్నాయి. నాలుగైదు లక్షల మంది అలా ఇండియా చేరారని చరిత్రకారులు అంటారు. దారిలో పోయినవాళ్ళను ఎవరూ లెక్కపెట్టలేదు. పదివేలకు తక్కువుండరు, దానికి ఎన్ని రెట్లో చెప్పేవాడు లేడు. హ్యూ టింకర్ అనే చరిత్రకారుడు 1975లో దీని గురించి రాస్తూ దాన్ని మరిచిపోయిన మహా ప్రయాణం అన్నాడు. మా ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు. చిన్నతాత భార్య, మా చిన్నమామ్మ, 1978లో పోయేదాకా బొట్టు తుడవలేదు. పోయాడని చెప్పిన మనిషి లేనప్పుడు ఎలా తుడుస్తానని అడిగేది. ఆమెకు జవాబు చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో లేరు.

ఆ తర్వాత కూడా మిగిలినవాళ్ళు మిగిలారు, తిరిగి వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. 1962లో బర్మా సేనాని నీ విన్ సైన్యంతో గద్దెనెక్కాడు. 1964లో దుకాణాలు జాతీయం చేశాడు, పెద్ద నోట్లు రద్దు చేశాడు. అప్పుడు ఓడల మీద వచ్చిన వాళ్ళలో కొందరి మూలంగానే విశాఖలో కంచరపాలెం పక్కన బర్మా క్యాంపు ఉంది. ఆ పేటలో పుట్టిన పిల్లలు నా దగ్గర చదువుకున్నారు. వాళ్ళకి ఆ పేరు ఎందుకొచ్చిందో తెలియదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2024 మే నెలలో విశాఖ పోలీసులు కొందరు ఏజెంట్లను పట్టుకున్నారు. ఆ ఏజెంట్లు డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన ప్రాంతపు కుర్రాళ్ళను కంబోడియా పంపి, అక్కడ సైబర్ మోసాలు చేయించే ముఠాలకు అప్పగించారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దులో అలాంటి చెర నుంచి బయటపడిన ఐదు వందల మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాల్లో తెచ్చారు. తెలుగు పిల్లలూ ఉన్నారు. మళ్ళీ బర్మాయే. పత్రికలో చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏజెంటు పక్క ఊరివాడే. చెప్పింది జీతం ఒక్కటే.

అయితే 1922లో మా తాతకు లేనిది ఇప్పటి కుర్రాడికి ఒకటుంది. 1983 నాటి వలస చట్టం ఉంది. విదేశాంగ శాఖ లైసెన్సు లేకుండా ఎవరూ మనుషులను పనికి పంపకూడదు. లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకు మించకూడదు. లక్షలు అడిగేవాడు, టూరిస్టు వీసా మీద వెళ్ళమనేవాడు ఆ మేస్త్రి మనవడే. ఇవి చూసుకున్నాక కూడా అసలు ప్రశ్నలు అలాగే ఉంటాయి. నెలలో ఎన్ని రోజులు పని ఖాయం? కూడు, గది ఎవరి ఖర్చు? అప్పు తీరడానికి ఎన్ని నెలలు? నచ్చకపోతే తిరిగి రావడానికి డబ్బు ఎవరిది, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది? మా తాత చీటీలో ఉన్న పద్దులే ఇవి. ఇవన్నీ తెలిసి వెళ్ళేవాడిని నేను ఆపను. నా శిష్యుల్లో చాలామంది అలా వెళ్ళి ఇళ్ళు కట్టుకున్నారు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశారు.

ఉత్తరాంధ్రలో ఎవరింట్లోనైనా రంగం పెట్టె ఉంటే, అందులో ప్రోనోటుగాని, మేస్త్రి చీటీగాని, కార్డుగాని ఉంటే దయచేసి చిత్తుకాగితాల్లో వేయకండి. దొరల రిపోర్టుల్లో దొరకనిది వాటిలో ఉంది. పిల్లల చేత చదివించండి.

ఇంకొక్క మాట, గల్ఫు నుంచీ సింగపూర్ నుంచీ సంక్రాంతికి ఊరొచ్చే తమ్ముళ్ళకు. కొత్త బట్టలు కట్టుకోండి, అమ్మకి చీర తెండి, ఎవరూ తప్పుపట్టరు. కానీ మీ తమ్ముడు అరుగు మీద పక్కన కూర్చుని అన్నా, ఎంత మిగులుతుందని అడిగినప్పుడు జీతం చెప్పకండి. మిగిలేది చెప్పండి. మా తాత చెప్పలేదు.